పట్టని పిన్నుకి సంతకం

వీరవేణికి ఉద్యోగం వచ్చిన కొత్తలో గొల్లలదొడ్డి రైతులకి ఒక చిక్కొచ్చిపడింది. ఆవిణ్ణి ఏమని పిలవాలో ఎవరికీ పాలుపోలేదు.

కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే మనిషిని లస్కరు అంటారు. ఆవిడ భర్త ధర్మారావు పదిహేడేళ్ళు ఆ పనే చేశాడు. ఊరంతా ఆయన్ని ‘లస్కరుగారూ’ అనేది. గుండెపోటుతో ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. ఆడమనిషిని లస్కరుగారూ అంటే వెటకారంలా ఉంటుందేమోనని కొందరు, పేరు పెట్టి పిలిస్తే మర్యాద తప్పుతుందేమోనని కొందరు తటపటాయించి, చివరికి అందరూ ‘ఏవండోయ్’ దగ్గర స్థిరపడ్డారు. అదీ ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు ఓ పెద్ద రైతు పొలం గట్టు మీద నిలబడి, “ఏవండోయ్, కాస్త నీళ్ళొదలండీ!” అని ఎంతో మెత్తగా కేకేశాడు. వెనకాలే క్యారేజీ పట్టుకొస్తున్న ఆయన భార్య, ఆ క్యారేజీ గట్టు మీదే పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన తనని ఒక్కసారి కూడా అంత మెత్తగా పిలిచిన పాపాన పోలేదట. మర్నాటి నుంచి వీరవేణి పేరు ‘లస్కరమ్మగారు’.

నలభై రెండేళ్ళ మనిషి. పదో తరగతి పాసు. పొద్దున్న ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి కాలవ మెట్లు దిగి, గేజి రాయి మీద నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాసేది. తమ వంతు కాని రోజున ఎవరైనా తలుపు కింద కర్ర దూర్చి నీళ్ళు లాక్కుంటే తిట్టేది కాదు. ఆ కర్ర తీసి, కడిగి, తుడిచి, వాళ్ళింటికే పట్టుకెళ్ళి, “మీదేనాండీ ఇది? కాలవలో దొరికింది” అని ఇంటావిడ చేతిలో పెట్టేది. కాఫీ ఇస్తే తాగి మరీ వచ్చేది. తిడితే తిరిగి తిట్టొచ్చు గానీ, కర్ర తెచ్చిచ్చి కాఫీ తాగి వెళ్ళేదాన్ని ఏం చేస్తారు? చాలామంది కర్రలు మానేశారు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో వేగడం కష్టం. చదవకుండా సంతకం పెట్టదు. పాలకేంద్రం పుస్తకమైనా, గ్యాసు బండ రసీదైనా, ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పైనుంచి కిందదాకా చదివి, అప్పుడు పెన్ను అడుగుతుంది. గ్యాసబ్బాయి సైకిలు స్టాండు వేసి కూర్చునేవాడు.

దానికో కారణం ఉంది. ధర్మారావు బతికున్న రోజుల్లో, అప్పటి ఆఫీసరు ఒకాయన, “తలుపుల గొలుసులకి ఆరు డబ్బాల గ్రీజు వస్తోందయ్యా, దారిలో ఉంది, రిజిస్టర్లో ఓ సంతకం పడెయ్యి” అన్నాడు. ధర్మారావు పడేశాడు. గ్రీజు దారిలోనే ఉండిపోయింది. రెండేళ్ళకి ఆడిటు వచ్చి డబ్బాలేవీ అని అడిగారు. ఆ ఆఫీసరు అప్పటికే వేరే జిల్లాకి బదిలీ. ధర్మారావు జీతం పెరగవలసిన చోట ఆగిపోయింది. దానికన్నా, ‘గ్రీజు తినేసిన లస్కరు’ అని తోటివాళ్ళు సరదాకి అన్న మాట ఆయన్ని తినేసింది. ఆ తర్వాత ఆయన ఏ పెళ్ళిలోనూ గారె ముట్టుకోలేదు. నూనె చూస్తే నవ్వుతారేమోనని.

ఇక అసలు సంగతి. రెండువేల ఎనిమిది జనవరి. రెండో పంట దాళ్వాకి నాట్లు పడ్డాయి. కాలవకి వంతుల వారీగా నీళ్ళొదిలే రోజులు. ఏ లాకు దగ్గర ఎంత నీరుందో పూటపూటకీ తెలిస్తే గానీ వంతులు నడవ్వు. అంతవరకూ రీడింగు చీటీ సైకిలు మీదో, బస్సు కండక్టరు జేబులోనో సెక్షన్ ఆఫీసుకి చేరేది. ఇకమీదట లస్కర్లందరికీ సెల్ ఫోన్లిస్తున్నాం, ఆరు కొట్టగానే ఫోన్లో రీడింగు చెప్పాలి అని కబురొచ్చింది.

సెక్షన్ ఆఫీసులో పదిమంది లస్కర్లూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బెంచీల మీద కూర్చున్నారు. ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, గణేష్‌బాబు ముప్పై ఏళ్ళవాడు, మొదటి పోస్టింగు. ఒకవైపు ఫోన్లు, ఒకవైపు ఛార్జర్లు విడివిడిగా పేర్చి ఉన్నాయి. వర్క్ ఇన్‌స్పెక్టరు చంద్రరావు స్టాకు రిజిస్టరు తెరిచి పట్టుకున్నాడు. ‘ఫోను ఒకటి, ఛార్జరు ఒకటి, సరిచూసుకొని తీసుకొన్నాను’ అని ప్రతి పేరు ఎదురుగా ముందే రాసి ఉంది. చివరిదైన పదకొండో పేరు చంద్రరావుదే. మిక్చరు, టీ వచ్చేశాయి. టీ చల్లారిపోతుందని తొమ్మిదిమంది చకచకా సంతకాలు పెట్టేశారు.

పదోది వీరవేణి. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

“ఏంటమ్మా, టీ తాగవా?” అన్నాడు చంద్రరావు. ఆవిడకి పని నేర్పింది ఆయనే. యాభై ఏడేళ్ళు, ఇంకో అయిదు నెలల్లో రిటైరు.

“తాగుతాను బాబాయ్‌గారూ. ‘సరిచూసుకొని’ అని రాశారు కదా, చూస్తున్నాను.”

ఛార్జరు పిన్ను ఫోను కన్నం దగ్గర పెట్టి తోసింది. దూరలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“సార్, ఇది పట్టట్లేదండి.”

“కొత్తది కదండీ, బిగుతుగా ఉంటుంది. కాస్త గట్టిగా నొక్కండి” అన్నాడు గణేష్‌బాబు, మిక్చరులో పల్లీలు ఏరుకుంటూ.

పక్కనున్న అబ్బులు, రోజూ లాకు చక్రం తిప్పే మనిషి, “ఇటివ్వండమ్మా, ఆడవాళ్ళ చేతులకి చాలదు” అని అందుకున్నాడు. మొహం ఎర్రబడింది. పిన్ను మాత్రం బయటే ఉంది. చూస్తే సంగతి తేలిగ్గానే అర్థమవుతోంది. ఫోనుకున్నది సన్న కన్నం. ఛార్జరుకున్నది లావు పిన్ను. దబ్బనాన్ని పూసల సూది బెజ్జంలో దూర్చినట్టు. సంతకాలు పెట్టేసిన తొమ్మిదిమందీ తమతమవి బల్ల కింద చాటుగా పెట్టి చూసుకున్నారు. చూసుకుని, ఏమీ జరగనట్టు టీ తాగారు.

గణేష్‌బాబు పల్లీలు వదిలేశాడు. డివిజన్ ఆఫీసులో ఆ పెట్టెలు తీసుకున్నప్పుడు తనూ ‘సరిచూసుకొని’ సంతకం పెట్టాడు మరి. అక్కడా టీ ఇచ్చారు.

“సరే, తర్వాత మార్పిద్దాం. ప్రస్తుతానికి సంతకం పెట్టేయండి వీరవేణి గారూ.”

“మార్చాక పెడతానండి.”

“అబ్బే, ఫోను తీసుకుంటున్నారు కదా!”

“ఫోనుకి పెడతానండి” అని, ఎవరూ ఆపేలోగా ‘ఛార్జరు ఒకటి’ పక్కన ‘పట్టలేదు, కాబట్టి ముట్టలేదు’ అని రాసి, దాని కింద సంతకం చేసింది.

రిజిస్టర్లో కొట్టివేతలు, అదనపు రాతలు ఉండకూడదు. ఉంటే ఆడిటు మొదట ఆ పేజీయే తీస్తుంది. గణేష్‌బాబు మొహం చూసి చంద్రరావుకి జాలేసి, ఎటు సర్దాలో తెలియక, ఆ ఛార్జరు తీసి వీరవేణి సంచిలో పడేశాడు. “తీసుకెళ్ళమ్మా, తర్వాత చూద్దాం” అని.

తర్వాత ఎవరూ చూడలేదు. గణేష్‌బాబు ఒకసారి డివిజన్ స్టోర్సుకి వెళ్ళి అడిగితే, “మీరే సరిచూసుకున్నామన్నారు కదండీ” అని నవ్వారట. మళ్ళీ అడిగే మొహం లేక వచ్చేశాడు.

లస్కర్లు మాత్రం ఎవరి తోవ వాళ్ళు చూసుకున్నారు. ఒకాయన రొయ్యల చెరువు షెడ్డులో వాచ్‌మన్‌ది అడుక్కున్నాడు. ఒకాయన సంతలో సెల్ షాపుకి రోజు విడిచి రోజు మోసుకెళ్ళాడు. అబ్బులు తన మరదలి ఛార్జరు తెచ్చేసుకుంటే, ఆవిడ దానికోసం వచ్చి లాకు దగ్గర రెండ్రోజులుంది. మిగతావాళ్ళు కొత్తవి కొనుక్కున్నారు. ఒక్కరు కూడా పిన్ను సంగతి పైకి అనలేదు. అంటే, చూడకుండా సంతకం ఎందుకు పెట్టావన్న ప్రశ్న ముందొస్తుంది.

“వంద రూపాయలు పారేస్తే వస్తుంది కదమ్మా, నువ్వూ కొనేసుకో” అన్నాడు చంద్రరావు.

“కొంటే ఏమవుతుంది బాబాయ్‌గారూ? నా ఫోను మోగుతుంది. మోగింది కాబట్టి ఛార్జరు పట్టినట్టే అంటారు. పట్టింది కాబట్టి సంతకం పెట్టమంటారు. నా వందా పోయి, నా మాటా పోతుంది.”

“పోనీ లావు పిన్నుకి తగిలించే చిన్న ముక్క ఉంటుందటమ్మా, అదేసుకుంటే సన్నదానికి సరిపోద్దిట.”

“ఆ ముక్కకి ఎవరు సంతకం పెట్టారండీ?”

ఫోను గేజి పుస్తకం పక్కనే పెట్టెలో పడుకుంది. వచ్చిన నాలుగోరోజుకే అందులో ఉన్న కాస్త ఛార్జీ అయిపోయి కళ్ళు మూసింది. వీరవేణి పొద్దున్న రీడింగు తీసుకుని, కాలవ గట్టున ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కి, సెక్షన్ ఆఫీసులో చీటీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని తిరిగొచ్చేది. సాయంత్రం మళ్ళీ అదే. ఎదురుగాలి ఉన్న రోజున చీరకొంగు నడుముకి దోపి తొక్కేది. గట్టు మీద నాట్లవాళ్ళు, “లస్కరమ్మగారూ, ఆ ఫోనుని కూడా వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకోండి, దానికీ గాలి తగుల్తుంది” అని నవ్వేవాళ్ళు. “దానికి గాలి కాదే, కరెంటు తగలాలి” అనేది ఆవిడ, పెడలు ఆపకుండా.

ఆఫీసులో గణేష్‌బాబు ఆరింటికి అందరి ఫోన్లూ అందుకుని, గొల్లలదొడ్డి గడి ఖాళీ పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చునేవాడు. ఆవిడ చేరేది ఆరూ నలభైకి. వంతుల పట్టిక ఆ నలభై నిమిషాలూ ఆగేది. నెల తిరిగేసరికి ఆయన ఓపిక చచ్చింది.

ఆవిడకి మార్చి నెలాఖరుకి రెండేళ్ళ ప్రొబేషన్ పూర్తవుతుంది. ‘పని సంతృప్తికరం’ అని ఏఈ రాసిస్తేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే పొడిగిస్తారు, పొడిగించి తీసేసినా అడిగేవాడు లేడు. లాకు పక్కనున్న ఆ రెండు గదుల క్వార్టరు, కాకినాడ హాస్టల్లో పాలిటెక్నిక్ చదువుతున్న కూతురు, అన్నీ ఆ ఒక్క కాగితానికి వేలాడుతున్నాయి.

“రిజిస్టర్లో మీరు రాసిన పేజీ తిరగరాయిస్తాను. సంతకం పెట్టండి. అదేరోజు మీ రిపోర్టు పంపేస్తాను” అన్నాడు గణేష్‌బాబు. మన ప్రాంతంలో బెదిరింపు కూడా అండీ గారూ లేకుండా ఉండదు. “మీ మేలు కోరే చెప్తున్నానండి వీరవేణి గారూ.”

“ఛార్జరు మార్పించండి బాబూ, ఈ క్షణం పెడతాను.”

మూడోరోజున మెమో వచ్చింది. ‘ప్రభుత్వము ఇచ్చిన ఫోనును వాడక నిర్లక్ష్యము చేసినందులకు మీపై ఏల చర్య తీసుకోకూడదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’ తెచ్చింది చంద్రరావే. మెమోతోపాటు, ఆవిడ పని తేలిక చేద్దామని, సంజాయిషీ కూడా తనే రాసి తెచ్చాడు. ‘తెలియక చేసిన పొరపాటుకు చింతిస్తున్నాను. పెద్దమనసుతో క్షమించగలరు.’ కింద సంతకానికి చోటు వదిలాడు.

“ముప్పై ఆరేళ్ళ సర్వీసులో పద్నాలుగు రాశానమ్మా ఇలాంటివి. ఒక్కటీ తిరిగి రాలేదు” అన్నాడు గర్వంగానే.

“పద్నాలుగు తప్పులు చేశారా బాబాయ్‌గారూ?”

“రెండు చేసుంటాను. మిగతావి… పైవాళ్ళకి కావాలి, రాసిచ్చాను. ఏం పోయింది?”

వీరవేణి ఆ కాగితం మడతపెట్టి, పెరట్లో కోసిన కరివేపాకు అందులో పొట్లం కట్టి ఆయన చేతికిచ్చింది. “పిన్నిగారికివ్వండి. చారులోకి బావుంటుంది.”

ఆ సాయంత్రం సైకిలు తొక్కొచ్చాక, అరుగు మీద కూర్చుని తన సంజాయిషీ తనే రాసుకుంది.

‘ఆర్యా, నేను ఫోను వాడలేదన్నది నిజము. ఫోను చచ్చి ఉన్నది. దానికి ప్రాణము పోయవలసిన పిన్ను లావుగాను, దాని కన్నము సన్నగాను ఉన్నవి. రెండును తమ ఆఫీసు ఇచ్చినవే. ఈ రెంటిలో ఏది తప్పో తేల్చు అధికారము నాకు లేదు. ముప్పై ఎనిమిది దినములుగా రీడింగు ఏ పూటా ఆగలేదు. తమ ముద్ర వేసిన చీటీలు నా వద్ద ఉన్నవి. నా సంతకము లేకుండా నా సంచిలోనికి వచ్చిన ఛార్జరును ఇందువెంట తిప్పి పంపుచున్నాను. ఎవరైనను పెద్దలు దానిని ఫోనులో దూర్చి చూపిన యెడల అప్పుడే సంతకము చేయగలను. క్షమాపణ కోరుటకు కారణము కనబడనందున కోరుట లేదు. జతపరచినది: ఛార్జరు ఒకటి.’

ఫైళ్ళకి కట్టే తాడుతో ఛార్జరుని ఆ కాగితానికి బిగించి కట్టింది. కాగితం మీద పాము పడుకున్నట్టుంది.

మర్నాడు అది చూసి చంద్రరావు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “ఇది ఏఈగారు పైకి పంపుతారనుకున్నావా? సొరుగులో పెట్టి తాళం వేస్తారు.”

“ఆయన ద్వారా ఒకటి పంపుతాను. ముందస్తు నకలు ఒకటి నేనే డివిజన్‌లో ఇచ్చొస్తాను. అది తప్పు కాదని మీరే చెప్పారు ఓసారి.”

“కాగితానికైతే నకలు రాస్తావు. ఛార్జరుకి నకలు ఎక్కణ్ణించి తెస్తావమ్మా?” అన్నాడు చంద్రరావు. ఆ మాటతో ఇది ఇక్కడితో ఆగుతుందని ఆయన ధైర్యం.

ఉన్నది ఒక్క ఛార్జరు. జతపరచినది జతపరచకుండా పంపితే అది అబద్ధం. ఆవిడ ఆలోచనలో ఉండగానే చంద్రరావు మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

సాయంత్రం టీ వేళకి మళ్ళీ వచ్చాడు. మోపెడ్ దిగకుండానే చొక్కా జేబులోంచి వార్తాపత్రికలో చుట్టిన ఉండ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. విప్పితే ఛార్జరు. లావు పిన్ను. పదకొండోది, ఆయన పేరు మీద ఇచ్చినది. ఆయన సంతకం పెట్టి తీసుకున్నది.

“నకలు” అన్నాడు చంద్రరావు.

“బాబాయ్‌గారూ, మీకు రిటైర్మెంటు…”

“పద్నాలుగు రాశానన్నాను కదమ్మా. రాత్రి కూర్చుని లెక్కేస్తే, ఆ రెండూ కూడా తప్పులు కావేమో అనిపించింది” అని మోపెడ్ తిప్పేశాడు. ఎవరైనా చూస్తారేమోనని ఆయన హారను కూడా కొట్టలేదు. గట్టు మీద గేదెలు కదలక పావుగంట నిలబడిపోయాడు.

పొద్దున్న ఆరింటి రీడింగు ఇచ్చేసి, పూట సెలవు చీటీ రాసి, అసలు సంజాయిషీ సెక్షన్ ఆఫీసు గుమాస్తాకిచ్చి ముద్ర వేయించుకుని, వీరవేణి రాజమండ్రి బస్సెక్కింది. సంచిలో నకలు కాగితం, నకలు ఛార్జరు, చచ్చిపోయిన ఫోను.

డివిజన్ ఆఫీసులో తపాలు తీసుకునేది కంప్యూటరు ఆపరేటరు ఉమాశ్రీ. పాతికేళ్ళ పిల్ల. కవరు మీద ఉబ్బు చూసి, “ఏంటండీ ఇది, కాగితానికి కడుపొచ్చింది?” అంది. విప్పి చదివింది. చదువుతూ చదువుతూ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“ఫోను ఏదండీ? చూడనివ్వండి. ఓస్, నాది కూడా సన్న కన్నమే.” కంప్యూటరు డబ్బా ముందున్న చిన్న చదరపు కన్నంలోంచి ఒక నల్ల తీగ వేలాడుతోంది, దాని కొసన ఉమాశ్రీ ఫోను. దాన్ని పీకి వీరవేణి ఫోనుకి గుచ్చింది. “దీన్ని యూఎస్‌బీ అంటారండి. మౌసూ ఇందులోకే, పెన్‌డ్రైవూ ఇందులోకే, ఫోనూ ఇందులోకే. ఏ కంపెనీవాడైనా ఈ గుమ్మంలోంచే రావాలి.”

“మరి ఇంత బుద్ధి ఉన్నవాళ్ళు ఆ రెండో కొస కూడా ఒకేలా చెయ్యొచ్చు కదమ్మా?”

“అటు కొస మాత్రం ఎవడి పిన్ను వాడిదేనండి. అందరూ ఒకటే చేస్తే మనం ఛార్జర్లు ఎవరి దగ్గర కొంటాం?”

పది నిమిషాలకి ఫోను కళ్ళు తెరిచింది. వీరవేణి దాన్ని చేతిలోకి తీసుకుందో లేదో, మోగింది. ఆవిడ ఉలిక్కిపడింది. గణేష్‌బాబు రోజూ పదకొండింటికి ఆ నంబరుకి చేసి, స్విచాఫ్ అని డైరీలో రాసుకుంటున్నాడు, మెమోకి సాక్ష్యంగా. ఇవాళ కూడా పెన్ను తెరిచి పట్టుకునే చేశాడు.

“హలో” అంది వీరవేణి.

అటు పెన్ను బల్ల మీద పడ్డ చప్పుడు వినిపించింది.

“…వీరవేణి గారేనాండీ?”

“నేనేనండి. చెప్పండి.”

“ఫోను… పని చేస్తోందే!”

“ఇక్కడ పని చేస్తోందండి.”

“ఇక్కడంటే ఎక్కడండీ?”

“డివిజన్ ఆఫీసులోనండి.”

ఆ తర్వాత గణేష్‌బాబు డైరీలో ఏం రాసుకున్నాడో తెలియదు.

నాలుగు రోజులకి వంతుల మీటింగుకి డివిజన్‌కంతకీ పెద్ద ఇంజనీరు, ఈఈ వేంకటరమణ గారే స్వయంగా సెక్షన్ ఆఫీసుకి వచ్చారు. లావుపాటి మనిషి, మాట నెమ్మది. నీళ్ళ సంగతి అయ్యాక, బల్ల మీద రెండు ఛార్జర్లు పెట్టారు. అసలు ఒకటి, నకలు ఒకటి.

“ఛార్జరు పట్టనివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

పది తలలు బల్ల వైపు చూశాయి. వీరవేణి ఒక్కతే లేచి నిలబడింది. చంద్రరావు సగం లేచి, చొక్కా సర్దుకునే వంకతో మళ్ళీ కూర్చున్నాడు.

ఈఈ గారు ఆవిడ ఫోను అడిగి తీసుకుని, పిన్ను కన్నానికి పెట్టి నొక్కారు. ఇంకాస్త నొక్కారు.

“కొత్తది కదండీ, బిగుతుగా…” అన్నాడు అబ్బులు అలవాటు కొద్దీ. అని, నాలిక కరుచుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఈఈ గారు నవ్వలేదు. పిన్ను వదిలేసి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నారు. “చూడమ్మా, దాచిపెట్టడం ఎందుకు, ఈ సరుకు మొత్తం దిగినప్పుడు పైన సంతకం పెట్టింది నేనే. నేనూ చూడలేదు. ఇప్పుడు నీ రాత ఒక్కటీ ఆడిటు కంట పడితే తీగ నా దాకా వస్తుంది. మార్పించే ప్రయత్నం నేను చేస్తాను, మాటిస్తున్నాను. ఇవాళ మాత్రం సంతకం పెట్టెయ్యి. నీ ప్రొబేషన్ కాగితం గణేష్‌బాబు దగ్గరే ఉంది. ఇక్కడే, నీ ఎదురుగానే పూర్తి చేయిస్తాను.” తన జేబులోని పెన్ను మూత తీసి ఆవిడ వైపు చాపారు.

మంచి పెన్ను, బంగారు పాళీ. పెద్దాయన చెయ్యి చాపి అలాగే ఉంచారు. చాపిన చేతిని అందుకోకపోవడం మన ప్రాంతంలో ఎవరికీ చేతకాదు. వీరవేణికీ చేతకాదు. చెయ్యి లేచింది కూడా. కూతురు గుర్తొచ్చింది. రెండు గదులు గుర్తొచ్చాయి. గారెల పళ్ళెం పక్కకి జరిపేసిన మనిషి గుర్తొచ్చాడు.

ఆవిడ పెన్ను అందుకుంది. మూత కూడా అడిగి తీసుకుంది. మూత పెట్టి, రెండు చేతులతో ఆయన ముందు బల్ల మీద ఉంచింది.

“మా ఆయన ఇలాగే ఓసారి ఆరు గ్రీజు డబ్బాలకి పెట్టారండి, మాట నమ్మి. ఆయన పోయారు. ఆ డబ్బాలు మాత్రం ఇంకా రాలేదండి.” కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. “ప్రొబేషన్ పొడిగిస్తే పొడిగించండి. తీసేస్తే తీసెయ్యండి. రేపు ఆరింటికి రీడింగు మాత్రం తెచ్చిస్తాను, తాళాలు ఎవరికివ్వాలో చెప్పేదాకా. పట్టని పిన్నుకి నేను పెట్టనండి.”

అప్పుడు బెంచీ కిర్రుమంది. ఈసారి చంద్రరావు చొక్కా సర్దుకోలేదు.

“సార్, ఆ నకలు నాదండి. నాకూ పట్టలేదు. నా పేరు ఎదురుగా కూడా కొట్టెయ్యండి.”

“నాదీ కొట్టెయ్యండి సార్” అన్నాడు అబ్బులు. “మా మరదలు మళ్ళీ వచ్చి ఇంకో రెండ్రోజులుండేలా ఉంది.”

ఆ నవ్వులో మిగతావాళ్ళు కూడా లేచారు. నవ్వు చాటున లేవడం తేలిక. పదకొండుమంది నిలబడ్డాక కూర్చున్నవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఈఈ గారు, ఏఈ గారు.

ఈఈ గారు పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు. “గణేష్‌బాబూ, ఎర్ర సిరా ఉందా?”

గణేష్‌బాబు రిజిస్టరు తెచ్చాడు. ‘ఛార్జరు ఒకటి’ అన్న చోటల్లా ఎర్ర గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేస్తూ వచ్చాడు. మొదటి రెండింటికీ చెయ్యి ఆగి ఆగి నడిచింది. ఆరోది దాటాక, జ్వరం తగ్గుతున్నవాడిలా మొహం తేటపడింది. పదకొండూ అయ్యాక, ఎవరూ అడక్కుండానే డివిజన్ రసీదు నకలు తీసి, అందులో తన సంతకం పక్కన కూడా ‘సరిచూడలేదు’ అని రాసి, ఈఈ గారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని చదివి, నిట్టూర్చి, మడిచి, తన ఫైల్లో పెట్టుకున్నారు.

“ఛార్జర్లు వచ్చేదాకా ఈవిడ రీడింగు చీటీ మీదే తీసుకో. నలభై నిమిషాలు ఆగు. వయసులో ఉన్నవాడివి, ఆగలేవూ?”

“ఆగుతానండి.”

మిగతా అందరూ వెళ్ళాక గణేష్‌బాబు వీరవేణిని ఆగమని, ప్రొబేషన్ రిపోర్టు తీశాడు. చాలాసేపు రాశాడు. రాసి, చూసుకున్నట్టు సంతకం చేయమని ఆవిడ ముందుకి తోశాడు.

“చదువుకోండి” అన్నాడు, ఆవిడ కళ్ళజోడు తీయకముందే.

ఆవిడ తుడుచుకుని చదివింది. ‘పని: సంతృప్తికరము. సమయపాలన: ఎదురుగాలి లేనప్పుడు సంతృప్తికరము. స్వభావము: మొండి.’

మొదటి గడి దగ్గర ఆగింది. రెండో గడి దగ్గర పెదవి కదిలింది. మూడోది రెండుసార్లు చదివింది.

“ఏమైనా మార్చాలాండీ?” అన్నాడు గణేష్‌బాబు, కొంచెం బెరుగ్గా.

“అక్కర్లేదు బాబూ. అంతా సరిగ్గానే ఉంది” అని వీరవేణి పెన్ను అడిగి, సంతకం చేసింది.